బుచ్చమ్మ గంటె, ముప్పై ఒక్క వేల కంటైనర్లు

తొర్రూరులో ఓదెమ్మ టెంట్ హౌస్ తెలియనివాళ్లు లేరు. పెళ్లయినా పెద్దకర్మయినా పదిమంది బంతికి కూర్చున్నారంటే కింద పరిచింది ఓదెమ్మ జంపఖానా, పొయ్యి మీద ఉన్నది ఓదెమ్మ కాగు. ఆమె కొడుకు సంజీవ హైదరాబాదులో ఏం పని చేస్తాడో మాత్రం ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లందరికీ సంజీవ ఓపిగ్గా విడమరిచి చెప్పేవాడు. వాళ్లూ అంతే ఓపిగ్గా విని, చివరికి "అంటే కంప్యూటర్ రిపేరా తమ్మీ?" అని అడిగేవాళ్లు. కొన్నాళ్లకు విసుగొచ్చి ఔననడం మొదలుపెట్టాడు. దాంతో తొర్రూరులో చెడిపోయిన టీవీలన్నీ ఓదెమ్మ అరుగు మీదికి వచ్చి చేరాయి.

నిజానికి అదంత అర్థంకాని పనేమీ కాదు. సూరత్‌లో ఒక చీరల కంపెనీ ఉంది. వాళ్ల చీరల బొమ్మలన్నీ సంజీవ పనిచేసే చిన్న కంపెనీలో, పదకొండు సర్వర్లను కలిపి కట్టిన ఒక గుంపులో దాచి ఉంటాయి. ఒక్కో చీర డిజైనుకు ఒక్కో అర. ఆ అరను కంటైనర్ అంటారు. ఏళ్ల తరబడి ఎవరికి తోచినట్టు వాళ్లు కంటైనర్లు చేసుకుంటూ పోయారు గానీ, మొత్తం ఎన్ని ఉన్నాయో, వాటి పేర్లేమిటో చెప్పగలిగే నాథుడు ఇటు హైదరాబాదులోనూ లేడు, అటు సూరత్‌లోనూ లేడు. ఒక్క కమాండు కొడితే పేర్లన్నీ వరసగా వచ్చే పనిముట్టు ఒకటి తయారుచేయమని మేనేజరు సంజీవకు అప్పజెప్పాడు.

"వచ్చే శుక్రవారం పదకొండింటికి సూరత్ మేడంగారికి చూపించాలి. అది పనిచేస్తే నువ్వు పర్మనెంటు. చేయకపోతే నెలాఖరుతో నీ కాంట్రాక్టు సరి," అన్నాడు మేనేజరు ఫోనులో.

"అలాగేనండీ, తప్పకుండా చేస్తానండీ," అన్నాడు సంజీవ.

ఈ 'అండీ'లు సంజీవ పుట్టుకతో తెచ్చుకున్నవి కావు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం "గిది ఎట్ల నడుస్తది సార్?" అని అడిగాడు పాపం. మేనేజరు అన్నం తినడం ఆపి, "మళ్లీ అనవయ్యా, అచ్చం సినిమాలో కమెడియన్‌లా ఉంది," అని పక్కవాళ్లను కూడా పిలిచి మూడుసార్లు అనిపించుకున్నాడు. ఆ రోజు నుంచి సంజీవ ఆఫీసుకు ఇస్త్రీ చొక్కాతో పాటు ఇస్త్రీ తెలుగు కూడా తొడుక్కుని పోతున్నాడు. సాయంత్రానికి రెండూ చెమటకు తడిసిపోయేవి.

అది రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె రోజులు. రెండు రోజులు ఉండి పోదామని ఇంటికి వచ్చిన సంజీవకు మర్నాడే బస్సులు బందయ్యాయి. స్కూళ్లు బందు, ఆఫీసులు బందు. అటు భూపాలపల్లిలో బొగ్గు ఆగింది, ఇటు తొర్రూరులో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా అయింది. ఉన్నదల్లా ఒక లాప్‌టాప్, ఒక డాటాకార్డు. ఆ డాటాకార్డుకు ఇంటి మొత్తంలో ఒక్క చోటే సిగ్నల్ దొరికేది. స్లాబు మీద ఉత్తరపు మూల, అదీ బోర్లించిన పెద్ద కాగు మీద ఎక్కి కూర్చుంటేనే. ఐదువందల మందికి సాంబారు కాచే ఆ కాగు మీద, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఎండకు తలమీద తువ్వాల వేసుకుని కూర్చున్న కొడుకును చూస్తే ఓదెమ్మకు ముచ్చటా వేసేది, భయమూ వేసేది.

"ఇంతకు నువ్వు జేసేది ఏంది కొడుకా?" అని ఒకరోజు కింద బగోనలు తోముతూ అడిగింది.

సంజీవ చెప్పాడు. ఓదెమ్మ పీచు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

"అంటే గోదాముల ఏమేం సామాన్లున్నయో పేర్లు జెప్పే మనిషిని తయారు జేస్తున్నవ్."

"అంతే అవ్వా." సంజీవ పొంగిపోయాడు. మూడేళ్లలో మొదటిసారి ఒకరికి అర్థమైంది.

"గదానికి ఇన్ని రోజులా? నన్ను అడుగరాదు, నిలబడ్డ కాడ చెప్త," అని ఓదెమ్మ మళ్లీ పీచు అందుకుంది.

పనిముట్టు రాయడం ఒక ఎత్తు, అది సరిగ్గా చూపిస్తున్నదా లేదా అని పరీక్షించడం ఇంకో ఎత్తు. పరీక్షకని ఆఫీసులో వేరే సర్వర్లుంటాయి గానీ, కరెంటు లేక వాటిని మూసి పెట్టారు. అందుకని సంజీవ చేయకూడని పని చేశాడు. సూరత్ మేడంగారి అసలు సర్వర్లలోనే పద్నాలుగు ఖాళీ కంటైనర్లు కొత్తగా చేశాడు. చేసినవాడు వాటికి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి ఉంటే ఈ కథ చెప్పే అవసరం నాకు వచ్చేది కాదు. టెంట్ హౌస్‌లో పుట్టి పెరిగినవాడికి పేరు లేని సామాను సామానే కాదు. ప్రతి బగోన అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన అవ్వ పేరు చూస్తూ అక్షరాలు నేర్చుకున్నవాడు మరి. స్లాబు మీద ఆరబెట్టిన సామానును చూస్తూ వరసగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ పోయాడు. ఓదెమ్మ పెద్ద కాగు. ఓదెమ్మ సొట్ట బగోన. ఓదెమ్మ ఎర్ర మూత డేక్సా. పద్నాలుగో దానికి పేరు తోచక ఆలోచిస్తుంటే కింద వాకిట్లో ఓదెమ్మ గొంతు ఖంగుమన్నది.

"బోనాలకు తీస్కపోయిన గంటె బుచ్చమ్మ ఇంక ఇయ్యలే. అడుగుతే ఇయ్యాల రేపు అంటది!"

సంజీవ పద్నాలుగో పేరు కూడా కొట్టేశాడు. బుచ్చమ్మ గంటె ఇంకా ఇయ్యలే.

గురువారం మధ్యాహ్నానికి పనిముట్టు తయారైంది. కమాండు కొట్టాడు. పేర్లు జలజలా కిందికి రాలిపోయి, చివర అంకె కనబడింది. పదివేలు. సంజీవ కాగు మీదినుంచి దూకి, మూడేసి మెట్లు దిగి, "అవ్వా, అయిపోయింది! సూరతోళ్లయి మొత్తం పదివేలు!" అని అరిచాడు.

ఓదెమ్మ సంతోషపడలేదు. మొహం చిట్లించింది. "సరిగ్గ పదివేలా?"

"సరిగ్గ పదివేలే."

"ఒకటెక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు?"

"లేదవ్వా."

"ముప్పై ఏండ్లసంది ఈ పనిలనే ఉన్న. ఏ పెండ్లికాడికెల్లన్న సరిగ్గ నూరు గిన్నెలు వాపసొచ్చినయా? తొంభై ఏడన్న వస్తయి, ఎవరియో కలిసి నూట నాలుగన్న వస్తయి. సరిగ్గ వచ్చినయంటె అది సామాన్ల లెక్క గాదు కొడుకా. బండి నిండింది. బండికి ఎంత పడుతదో గది నీకు కనబడ్డది."

సంజీవ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"మన పెద్ద కాగు అండ్ల ఉన్నదంటివి గదా. ఉన్నదా సూడు," అన్నది ఓదెమ్మ.

సంజీవ పైకి పరిగెత్తి వెతికాడు. కాగు లేదు. సొట్ట బగోన లేదు. ఎర్ర మూత డేక్సా లేదు. తన చేతులతో తాను చేసిన పద్నాలుగింటిలో ఒక్కటీ లేదు. పదివేల పేర్లూ ఇంగ్లీషు 'ఏ' అక్షరం దాటకుండానే ఆగిపోయాయి. సర్వరు ఒకసారి అడిగితే పదివేల పేర్లే ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. ఆ సంగతి వందల పేజీల పుస్తకంలో ఎక్కడో మూలన ఉంది, సంజీవ ఆ మూలకు పోలేదు. రేపు మేడం 'బనారస్ పట్టు ఏదీ?' అని ఒక్క మాట అడిగితే ఉద్యోగం అక్కడితో ఆఖరు. మెట్ల మీదే కూలబడ్డాడు.

"మరి నువ్వెట్ల లెక్క జేస్తవవ్వా?"

"నేను లెక్కజేసేదేముంది? పెండ్లింటికి బండి పంపుత. మన బండి తోలే బీక్యా నింపుకొస్తడు. ఆఖరుకు ఏం ఎత్తినవ్ బీక్యా అంట. ఎర్ర మూత డేక్సా అంటడు. అయితె దాని అవతలికెల్లి ఉన్నయి తే పో అని మళ్ల పంపుత. మళ్ల నింపుకొస్తె మళ్ల పంపుత. ఎప్పుడు ఖాళీ బండి వస్తదో అప్పుడు ఖతం. ఖాళీ బండి కండ్లజూడంది నేను గోదాం తలుపెయ్య."

సంజీవ లేచి పైకి పోయి పుస్తకంలో ఆ మూల వెతికి చూశాడు. పుస్తకం మూలన రాసి ఉన్నది కూడా సరిగ్గా ఇదే. చివరి పేరు చెప్పి దాని తర్వాతవి ఇమ్మని అడుగు, ఖాళీ చేతులతో తిరిగి వచ్చేదాకా అడుగుతూనే ఉండు. నాలుగే నాలుగు వరసల పని. గబగబా రాశాడు. నాలుగో వరస ముగిసి కమాండు కొట్టబోతుండగా లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. కరెంటు లేదు. ఆ రోజు రానే లేదు.

శుక్రవారం పొద్దున కూడా రాలేదు. తొర్రూరులో కరెంటు పుట్టించగలిగేది ఒకే ఒక్కటి ఉంది, ఓదెమ్మ జనరేటరు. అది పొద్దున్నే ట్రాలీ ఎక్కి చౌరస్తాకు పోయింది. ఆ రోజు చౌరస్తాలో వంటా-వార్పు. ఊరంతా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, రోడ్డు బందు చేస్తారు. మైకుకు జనరేటరు కావాలి, సాంబారుకు కాగు కావాలి. సంజీవ కూర్చునే ఆసనాన్ని నలుగురు వచ్చి మోసుకుపోయారు.

పదిన్నరకు సంజీవ లాప్‌టాప్‌ను ఒక డేక్సాలో పెట్టి, మీద మూత వేసి, చంకన పెట్టుకుని చౌరస్తాకు బయలుదేరాడు. ఎందుకంటే ఊరు ఊరంతా సమ్మెలో ఉంటే తానొక్కడు పనిచేస్తున్నట్టు కనబడకూడదు. దారిలో ఇద్దరు ముగ్గురు "ఏం కూర తమ్మీ?" అని అడిగారు. "టమాట," అన్నాడు.

టెంటు వెనకాల, సామాన్ల కుప్ప చాటున, జనరేటరు నుంచి మైకుసెట్టుకు వచ్చే తీగ దగ్గర చోటు దొరికింది. ఒక బగోన బోర్లించి కూర్చున్నాడు, ఇంకోటి బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టాడు. తీగ తగిలించాడు. తెర వెలిగింది. చౌరస్తాలో సిగ్నల్‌కూ కొదవ లేదు. ప్రాణం లేచివచ్చింది. పక్కనే పొయ్యి మీద పెద్ద కాగులో సాంబారు ఉడుకుతోంది. దాన్ని కలుపుతున్నది ఎవరో కాదు, సాక్షాత్తు బుచ్చమ్మ.

టెంటు ముందు అమర్‌సింగ్ సారు మైకులో మాట్లాడుతున్నాడు. కురవి దగ్గరి తండా ఆయనది, బళ్లో లెక్కలు చెబుతాడు, సమ్మెలో మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. "దేశంల రాష్ట్రాలు ఏందేందని పిల్లలను అడుగుతె గడగడ జెప్తరు. అండ్ల మన పేరు రాదు. మనం లేమా? ఉన్నం! ఉన్నం గని లిస్టుల లేం!" అన్నాడు. జనం జై తెలంగాణ అని అరిచారు. సంజీవకు ఆ మాట ఎక్కడో తగిలింది గానీ ఆలోచించే తీరిక లేదు. పదకొండు కావస్తోంది.

గొంతు తడుపుకోవడానికి అమర్‌సింగ్ సారు వెనక్కి వచ్చి, చేతిలోని మైకును బోర్లించిన బగోన మీద, సరిగ్గా లాప్‌టాప్ పక్కన పెట్టి చూశాడు.

"ఏంది సంజీవా, పని జేస్తున్నవా? సకల జనుల సమ్మెల?"

సంజీవ లాప్‌టాప్ మూత సగం దించాడు. నలుగురు తొంగిచూశారు. ఎవరో "తీగ గుంజుండ్రి," అన్నారు కూడా. ఉల్లిగడ్డలు కోస్తున్న ఓదెమ్మ కత్తిపీట వదిలి లేచి వచ్చింది.

"సారూ, వాడు లెక్క వెడుతుండు. నిన్న సగం పెట్టిండు, సగం మిగిలింది. సగం ఉడికిన బువ్వ దించుమంటె దించుతవా? లెక్కల సారువు నువ్వే గిట్లంటె ఎట్ల?"

లెక్కల సారు ఆలోచించాడు. "జల్ది కానియ్యి," అని నీళ్ల కుండ దగ్గరికి పోయాడు. బగోన మీద మైకు అలాగే ఉంది. దాని మీట ఆపాలని ఆయనకు తట్టలేదు, సంజీవ చూడలేదు.

పదకొండింటికి ఫోను మోగింది. సంజీవ స్పీకరు నొక్కి దాన్ని లాప్‌టాప్ పక్కనే పెట్టాడు. హైదరాబాదు నుంచి మేనేజరు, సూరత్ నుంచి మేడం, ముగ్గురూ ఒకే లైనులో. సంజీవ తెర వాళ్లకూ కనబడుతోంది. సంజీవ దేవుణ్ణి తలుచుకుని కమాండు కొట్టాడు.

పదివేలు వచ్చాయి. ఆగలేదు. మళ్లీ వెళ్లింది. ఇంకో పదివేలు వచ్చాయి. మళ్లీ వెళ్లింది. ఇంకో పదివేలు. నాలుగోసారి పన్నెండు వందల పదహారు. ఐదోసారి వెళ్లిన బండి ఖాళీగా తిరిగివచ్చింది. మొత్తం ముప్పై ఒక్క వేల రెండువందల పదహారు అని తెర మీద పడింది. ఇంత వంకర టింకర అంకె సంజీవ జన్మలో చూడలేదు, అంత అందమైన అంకె కూడా చూడలేదు. కళ్లు చెమర్చాయి. అందులో సగం పొయ్యి పొగదే అనుకోండి.

సూరత్ మేడం ఇంగ్లీషు 'బి' అక్షరం నుంచి ఒక్కొక్క పేరే చూసుకుంటూ రమ్మన్నది. బనారస్ పట్టు వచ్చింది, బాందినీ వచ్చింది. ఆ తర్వాత ఆవిడ ఆగింది.

"యే బుచ్చమ్మ కౌన్ హై?" అన్నది.

తొర్రూరు చౌరస్తాలో నాలుగు దిక్కులా కట్టిన ఎనిమిది మైకులూ ఆ మాటను ఎనిమిదిసార్లు అడిగాయి. కాగులో గంటె ఆగింది. అటు ఆఫీసులో మేనేజరు, "సంజీవా, ఏంటయ్యా ఇది?" అన్నాడు. సంజీవకు అబద్ధం చెబుదామంటే ఒక్కటీ తోచలేదు. ఇస్త్రీ తెలుగూ అక్కరకు రాలేదు. చిన్నప్పటినుంచి వచ్చిన తొర్రూరు హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బుచ్చమ్మ మా పక్కింటామె మేడం, మా అవ్వ దగ్గర బోనాలకు గంటె తీసుకుపోయింది, మూడు నెలలైంది, ఇంకా ఇవ్వలేదు, పరీక్షకని ఆ పేరు పెట్టిన, తీసెయ్యడం మరిచిపోయిన, తప్పయింది.

చౌరస్తాలో హిందీ తెలియనివాళ్లు ఎవరున్నారు? మొత్తం జనం తలలు ఒక్కసారి తిరిగాయి. బుచ్చమ్మ చేతిలో సాంబారు కారుతున్న గంటె. దాని కాడ మీద చుక్కలు చుక్కలుగా ఓదెమ్మ పేరు.

"ఒక్క గంటె కోసం ఢిల్లీ దాక చెప్పుడేనా ఒదినే!" అన్నది బుచ్చమ్మ ఏడుపు గొంతుతో.

"ఢిల్లీ గాదు, సూరతు," అన్నది ఓదెమ్మ శాంతంగా, గంటె అందుకుంటూ. అందుకుని, అడుగంటుతున్న సాంబారును తానే కలిపింది.

జనం నవ్వులు తగ్గేసరికి ఫోనులోంచి ఇంకో నవ్వు వినబడింది. సూరత్ మేడం నవ్వుతోంది. ఇదివరకు ముగ్గురు వచ్చి ముగ్గురూ తనకు చివర సున్నాలున్న చక్కని గుండు అంకెలే చూపించారట. ఈ లిస్టు తనను చేసినవాడి గుట్టు కూడా దాచలేదు కనుక ఇదే నమ్ముతానన్నది. మిగతా పరీక్ష పేర్లు కూడా చూపించుకుని, బుచ్చమ్మతో సహా అన్నీ తీసెయ్యమన్నది గానీ, కాగును మాత్రం ఉంచమన్నది. లిస్టు ఎప్పుడు తీసినా అందులో కాగు కనబడితే, బండి మధ్యలో ఆగలేదని తనకు ధైర్యంగా ఉంటుందట.

సంజీవ పదమూడు తీసేశాడు, కాగును ఉంచాడు. సాయంత్రం బీక్యా మూడుసార్లు సామాను తెచ్చి, నాలుగోసారి ఖాళీ బండితో వచ్చాడు. ఓదెమ్మ గోదాం తలుపు వేసింది. ఒక గంటె ఎక్కువ వచ్చింది. నెల తిరగకుండా సంజీవ పర్మనెంటు కాగితం కూడా వచ్చింది. దాన్ని ఓదెమ్మ చదవలేదు గానీ, లామినేషను చేయించి గోదాంలో కాగుకు ఎదురుగా కొట్టించింది. తర్వాత ఊళ్లో ఎవరూ కంప్యూటర్ రిపేరా అని అడగలేదు. బుచ్చమ్మ మీద కేసు పెట్టింది నువ్వేనా అని అడిగేవాళ్లు.

దాదాపు మూడేళ్లు గడిచాయి. రెండువేల పద్నాలుగు, జూన్ రెండో తారీకు. రాష్ట్రం వచ్చిన రోజు. సంజీవ సెలవు పెట్టి తొర్రూరు వచ్చాడు. చౌరస్తాలో మళ్లీ అదే కాగు పొయ్యి ఎక్కింది, ఈసారి పాయసానికి. అమర్‌సింగ్ సారు మైకు పట్టుకుని దేశంలోని రాష్ట్రాల పేర్లన్నీ మొదటినుంచి చివరిదాకా వరసగా చదువుతున్నాడు. చివరి పేరు రాకముందే జనం గొంతులు లేస్తున్నాయి. అప్పుడు మేనేజరు ఫోను వచ్చింది.

"సంజీవా, సెలవులో విసిగిస్తున్నాను. కొత్తగా చేరిన అబ్బాయి సూరత్ లిస్టు శుభ్రం చేస్తున్నాడు. ఓదెమ్మ పెద్ద కాగు అని ఏదో ఖాళీది ఉందట. తీసేయమంటావా?"

"వద్దు సార్," అన్నాడు సంజీవ. నాలుక మీదికి 'అండీ' వచ్చింది గానీ, ఇవాళ దాన్ని అక్కడే ఆపేశాడు. "గది తియ్యొద్దు. ఉన్నది ఉన్నట్టు లిస్టుల ఉండాలె. గదాని కోసం మా అవ్వ మస్తు సార్లు బండి పంపింది."

మేనేజరు ఈసారి పక్కవాళ్లను పిలవలేదు. మళ్లీ అనమని కూడా అడగలేదు.

"సరే సంజీవా, ఉండనియ్యి," అన్నాడు. అప్పటికి మైకులో చివరి పేరు వచ్చింది. ఆ తర్వాత మేనేజరు ఏమన్నాడో చౌరస్తా అరుపుల్లో సంజీవకు వినబడలేదు.